మామ్మగారి దంతపు పెట్టె ఇంగ్లండ్‌దా, విశాఖపట్నానిదా?

మీ మామ్మగారి దంతపు పెట్టె ఎక్కడిదో, ఎలా తుడవాలో అడుగుతూ మీరు రాసింది చదవగానే లేచి వెళ్లి, మా పెట్టె ఒకసారి బయటకు తీసి చూసొచ్చాను. జానెడున్నర పొడవు, పైనంతా తెల్లటి పలకలు, వాటి మీద నల్లటి గీతల్లో పూలదండలు, మధ్యలో కలశం, మూత తీస్తే గంధం వాసన. మీరు రాసినదానికి అచ్చంగా అదే పోలిక. ఇది ఇంగ్లండ్ సరుకేనని మీ బావగారు అంటున్నారు కదా, నాకు అలా అనిపించడం లేదు. గంధపు చెక్క మీద దంతపు తాపడం, దంతంలో గీత చెక్కి నల్ల లక్క నింపడం, ఈ రెండూ ఒకే వస్తువులో కనిపిస్తే ముందుగా తలచుకోవలసింది మన విశాఖపట్నాన్నే.

మీ బావగారు పొరబడటానికి కారణం లేకపోలేదు. 1748లో పాంపేయి తవ్వకాలు మొదలయ్యాక యూరప్‌లో గ్రీకు, రోమను అలంకారాల మీద మోజు పెరిగింది. ఇంగ్లండ్‌లో రాబర్ట్ ఆడమ్ లాంటి వాస్తుశిల్పులు ఇళ్లనీ, గదుల్లోని సామాన్లనీ ఆ పద్ధతిలోకి తిప్పారు. వంపు కాళ్లు పోయి, కిందకు సన్నబడే నిటారు కాళ్లు వచ్చాయి. కలశాలు, వేలాడే దండలు, కోలగా ఉండే పతకాలు, మెలికల అంచులు వచ్చాయి. నియోక్లాసికల్ అంటున్నది దీన్నే. అక్కడ కుర్చీలు, బల్లలు చేసే జార్జ్ హెపుల్‌వైట్ నమూనాల పుస్తకం 1788లో అచ్చయింది. ఈస్టిండియా కంపెనీ దొరలు తమ దేశపు వస్తువులు, కాగితం మీద అచ్చేసిన బొమ్మలు మన రేవులకు తెచ్చి, ఇలాంటివి చెయ్యమని పురమాయించేవారు. చేసినవాళ్లు విశాఖ కంసాలులు.

అంతకు ముందూ ఈ పని ఇక్కడ ఉంది. 1756లోనే ఒక ఆంగ్ల సైనికాధికారి విశాఖ అద్దకం బట్టలనీ, దంతం పొదిగే పనినీ మెచ్చుకుంటూ రాశాడు. ఆ పాత పనిలో రోజ్‌వుడ్, నల్లచేవ లాంటి ముదురు చెక్కలో దంతాన్ని పొదిగేవారు. పూలతీగలు అద్దకం చీర అంచులా పారుతుంటాయి. తర్వాతి పనిలో గంధపు చెక్క మొత్తాన్నీ దంతంతో కప్పేశారు. మీది ఈ రెండో రకం. కలశం, దండలు చూస్తే 18వ శతాబ్దం చివరి పాతికేళ్లు, లేదా 19వ శతాబ్దం తొలినాళ్లు అనుకోవచ్చు. ఇంకా తర్వాత కొమ్ము, ముళ్లపంది ముళ్లతో చేసిన పెట్టెలు వచ్చాయి. వాటి తీరే వేరు.

మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ దగ్గర విశాఖ దంతపు తాపడం కుర్చీలు ఉండేవి. ఆయన పోయాక, 1781లో మూడో జార్జి రాజు తన రాణి షార్లెట్ కోసం వాటిని కొన్నాడు. మన ఊరి పనితనం రాజమందిరం దాకా వెళ్లింది. విశాఖలో పుట్టి పెరిగిన నాకు ఈ సంగతి నలభై ఏళ్లు దాటేదాకా తెలియదు. బడిలో ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో అనుకుంటూ ఉంటాను.

ఇక మా పెట్టె సంగతి. తాతగారు పాతవూళ్లో, ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోతున్న ఒక దొర దగ్గర కొన్నారట. మూత మీద స్తంభాల మేడ, పైన త్రికోణపు ముఖం, రోమను గుడి నమూనాలో ఉంటుంది. చాలాకాలం అది ఏదో ఇంగ్లీషు బొమ్మకు నకలనే అనుకున్నాను. ఒకరోజు భూతద్దం పెట్టి స్తంభాలు లెక్కపెడితే ఐదు వచ్చాయి. గ్రీకు, రోమను గుళ్లలో ముందు వరసలో స్తంభాలు సాధారణంగా సరిసంఖ్యలో ఉంటాయి, నడిమధ్య దారి రావాలి కాబట్టి. ఇక్కడ ద్వారం ఉండాల్సిన చోట స్తంభం నిలబడి ఉంది. మేడ పక్కన తాటిచెట్టు, దాని మట్టలు ఒక్కొక్కటీ విడివిడిగా, ఎంతో ఓపికతో చెక్కి ఉన్నాయి. మేడ పనివాడు కాగితం మీద చూసింది, చెట్టు అతను రోజూ చూసింది. ఆ తేడా గీతలోనే తెలిసిపోతుంది. దీన్ని తప్పని నేను అనను. నాకు ఆ పెట్టెలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే.

మీరూ అలాగే చూడండి. అచ్చుబొమ్మలో నీడ కోసం వేసే దగ్గరదగ్గర గీతల్ని ఇక్కడి పనివాడు ఉలితో దంతంలోకి దించాడు. ఆ గాడిలో కరిగిన లక్క నింపి, ఆరాక పైన గీకేస్తే గాడిలోది మాత్రం మిగులుతుంది. భూతద్దంలో గీత అంచు తెగినట్టు, లోతుగా కనిపించాలి. రంగు పైపైన పూసినట్టుంటే అనుమానించాలి. అలాగే దంతంలో నీటి అలల్లాంటి సన్నని చారలుంటాయి. ఎముకైతే చిన్నచిన్న నల్లచుక్కలు, గుంటలు కనిపిస్తాయి. చారలు గీతబద్దతో గీసినంత సమానంగా ఉంటే ప్లాస్టిక్ కావచ్చు. సూది కాల్చి గుచ్చి చూడమని ఎవరైనా చెబితే మాత్రం దయచేసి వినకండి.

తుడవడం గురించి అడిగారు. ఇది నేను బాధపడుతూనే రాస్తున్నాను. ఏడేళ్ల కిందట దసరాకి ఇల్లు సర్దుతూ, ఇత్తడి సామాను తోమిన చేత్తోనే పెట్టెనీ నిమ్మచెక్కతో రుద్దాను. తడిగుడ్డతో తుడిచి ఎండలో పెట్టాను. గుడ్డ చూసుకుంటే నల్లటి పొట్టు అంటుకుని ఉంది. అదంతా గీతల్లోంచి ఊడొచ్చిన లక్క. ఎడమ పక్క దండలో సగం పూలు ఇప్పుడు తెల్లగా, గుడ్డిగా ఉన్నాయి. సాయంత్రానికి మూలనున్న దంతపు పలక పైకి లేచి, మర్నాడు ఊడిపోయింది. రెండువందల ఏళ్లు నిలిచిన పనిని అరగంటలో పాడుచేశాను. మీరు మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులపండి, అంతే. నీళ్లు, సబ్బు, నూనె, పాలిష్ ఏవీ వద్దు. ఎండ, ఏసీ గాలి తగలనివ్వకండి. పలక ఊడితే జిగురు పెట్టకుండా కాగితంలో చుట్టి పెట్టెలోనే దాచండి. మా పలకను నేను ఇప్పటికీ అలాగే ఉంచాను. మ్యూజియంలో పాత వస్తువులు బాగుచేసే ఒకాయన చూసి, ఊడిన లక్క మళ్లీ నింపకపోవడమే మేలన్నారు.

అమ్మకం విషయం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, తర్వాతి సవరణలతో కలిపి, మన దేశంలో ఏనుగు దంతం వ్యాపారాన్ని నిషేధించింది. ఎంత పాత వస్తువైనా ఆన్‌లైన్‌లో పెట్టకండి, కొంటామని వచ్చేవాళ్లను నమ్మకండి. ఇంట్లో ఉంచుకోవడానికీ ధ్రువపత్రం విషయం ఉంటుంది కాబట్టి అటవీశాఖ కార్యాలయంలో అడిగి, కాగితాలు సరిచేసుకోండి. లండన్‌లో ఉన్న మీ అబ్బాయికి పంపాలన్న ఆలోచన మానుకోండి. వందేళ్లు దాటిన హస్తకళా వస్తువును సొంతంగా దేశం దాటించడం పురావస్తువుల చట్టం కిందా నేరమే.

తీరిక చూసుకుని పెట్టె అడుగు భాగం, మడతబందులు ఎలా ఉన్నాయో రాయండి. మూతలో కలశం కింద ఏమైనా చెట్టో పిట్టో ఉందేమో చూడండి. ఉంటే దాని ఆకులు ఎలా చెక్కారో కూడా చెప్పండి.