డిజిటల్ మీడియా పీజీ: ఐదు లక్షలు కట్టే ముందు

నర్సంపేట నుంచి ఒక తండ్రి రాశారు: "మా బిడ్డ హనుమకొండల బీకాం అయిపోయింది. హైదరాబాద్‌ల ఓ ప్రైవేటు యూనివర్సిటీల డిజిటల్ మీడియా ఎంఏ చేస్తనంటుంది. ఏడాదికి రెండున్నర లక్షలు, లోన్ తీద్దామంటుంది. మా బామ్మర్ది ఎంబీఏ చేయించమంటుండు. రెండిట్ల ఏది నయం? రెండేండ్ల సంది ఫోన్ పట్టుకొని వీడియోలు తీసుకుంట కూసుంటది. రేపు సంబంధాలొస్తే ఏం సదివిందని చెప్పాలె?"

అసలు భయం ఆఖరి వాక్యంలో ఉంది కాబట్టి ముందు దానికే జవాబు. "ఎంఏ జర్నలిజం చేసింది, ఫలానా చోట పనిచేస్తోంది" అని చెప్పండి. సరిపోతుంది. రాబోయే సంబంధం ఎవరిదో ఇంకా తెలియదు, వాళ్లకు నచ్చే చదువేదో మీకెలా తెలుస్తుంది? ఇంకో మాట, కాస్త కటువుగానే అంటున్నాను. రెండేళ్లుగా ఒకే పనిని విడవకుండా చేస్తున్న అమ్మాయిని "కూసుంటది" అన్నారు. ఆ వీడియోల్లో ఒక్కటైనా చివరిదాకా చూశారా? అవి దేని మీదో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. బామ్మర్ది గారి అభిప్రాయం మాత్రం ఉంది.

అలాగని ఆ కోర్సును వెనకేసుకు రావడం లేదు. డిజిటల్ మీడియా పేరుతో వస్తున్న పీజీల మీద నాకు చాలా అనుమానాలున్నాయి. సిలబస్ ఒకసారి ఖాయం చేస్తే కొన్నేళ్లు అదే నడుస్తుంది. యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్ మాత్రం నెలనెలా తీరు మార్చుకుంటాయి. మొదటి సెమిస్టర్లో నేర్పిన చిట్కా నాలుగో సెమిస్టర్‌కి పనికిరాదు. సబ్‌టైటిళ్లు వేయడం, థంబ్‌నెయిల్ చేయడం, మామూలు పోస్టులు రాయడం వంటి కొత్తవాళ్లకిచ్చే పనులు చాలావరకు ఇప్పుడు ఏఐ చేసేస్తోంది. ఇక బ్రోషర్ మీద కంపెనీల లోగోలు చూసి మురిసిపోకండి. ఏ ఉద్యోగం, ఎన్ని నెలలు, జీతమా స్టైపెండా అని అడగండి. నిరుటి విద్యార్థులు చేసిన నాలుగు ప్రాజెక్టులు చూపించమనండి. కెమెరాలు ఎన్ని, ఒక్కో విద్యార్థికి వారానికి ఎన్ని గంటలు దొరుకుతాయి? డిగ్రీ పట్టా మీద ఏ యూనివర్సిటీ పేరు ఉంటుంది? వీటికి జవాబు నసిగితే బయటికి వచ్చేయండి.

లోన్ లెక్క కూడా చూడండి. కోర్సు అయ్యాక ఏడాది దాకా మామూలుగా కిస్తీ అడగరు గానీ, డబ్బు విడుదలైన రోజు నుంచి వడ్డీ పడుతూనే ఉంటుంది. పది శాతం అనుకున్నా, ఏటా రెండున్నర లక్షల చొప్పున తీసుకుంటే మొదటి కిస్తీ కట్టే నాటికి వడ్డీయే 1.25 లక్షలు. హాస్టల్, తిండి దీనికి అదనం. ఈ రంగంలో కొత్తగా చేరినవాళ్ల జీతంతో హైదరాబాద్‌లో బతుకుతూ ఆ కిస్తీ కట్టడం కష్టం.

అదే చదువు తక్కువ ఖర్చులో ఉంది. రాష్ట్ర యూనివర్సిటీల పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాస్తే ఉస్మానియాలో జర్నలిజం ఎంఏ దొరకొచ్చు. ఆ శాఖ 1954 నుంచి ఉంది. డిచ్‌పల్లిలోని తెలంగాణ యూనివర్సిటీలోనూ మాస్ కమ్యూనికేషన్ ఉంది. కేంద్ర యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ రాస్తే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ. పట్టా మీద "డిజిటల్" అని లేకపోతే నష్టమేమీ లేదు, పని ఇచ్చేవాళ్లు ముందు చేసిన పనుల లింకులు అడుగుతారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆశ ఉంటే ఆ కాలేజీ, ఆ కోర్సు రెండూ ప్రభుత్వ స్కాలర్‌షిప్ పోర్టల్ ఈపాస్‌లో ఉన్నాయో లేదో సీటు తీసుకోకముందే చూసుకోండి.

మరి ఆ లింకులు ఎలా వస్తాయి? సీటు వచ్చేదాకా ఎదురుచూడకుండా ఇప్పుడే మొదలుపెట్టమనండి. వరంగల్‌లో ఎనుమాముల మార్కెట్ ఉంది కదా. మిర్చి సీజన్‌లో జెండా పాట ధర (ఆ రోజు వేలంలో మొదట పలికే అత్యధిక ధర) ఒకటి, చాలామంది రైతుల చేతికొచ్చేది ఇంకొకటి. వారం రోజులు రెండూ రాసుకొని ఒక పట్టిక, దాని మీద ఆరువందల మాటల కథనం, తొంభై సెకన్ల నిలువు వీడియో చేస్తే చాలు. పది రీల్స్ కన్నా ఆ ఒక్కటి ఎక్కువ పనిచేస్తుంది.

ఎక్కడ దెబ్బతింటారో కూడా చెప్తాను. మార్కెట్ రొదలో ఫోన్ మైకుతో మాటలు వినపడవు. కాలర్ మైకు గడ్డానికి జానెడు కింద పెట్టాలి. ఫోన్ వీడియోలో ఫ్రేమ్ రేటు (సెకనుకు పడే బొమ్మల సంఖ్య) నిలకడగా ఉండదు, అందుకే పొడవాటి ఇంటర్వ్యూ ఎడిటింగ్‌లో వేసేసరికి పెదవులకూ మాటకూ పొంతన తప్పుతుంది. ముందే హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్పిడి సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన ఫ్రేమ్ రేటుకు మార్చుకుంటే ఆ బాధ ఉండదు. ప్రీమియర్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు ఒత్తులు విడిపోతుంటే గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో దక్షిణాసియా భాషల టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకోవాలి. పాత అను ఫాంట్లలో టైప్ చేసింది గూగుల్‌లో దొరకదు, గూగుల్ చదవగలిగే యూనికోడ్ అలవాటు చేసుకోవాలి. తెలుగు వార్తా సంస్థల వెబ్ డెస్కుల్లో ఈ చిన్న విషయాలు తెలిసినవాళ్లకు గిరాకీ ఉంది. ప్రీమియర్‌కు డబ్బు పెట్టలేకపోతే డావిన్సీ రిజాల్వ్ అనే ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితమే. ల్యాప్‌టాప్‌లో 16 జీబీ ర్యామ్ మాత్రం తప్పదు.

ఎంబీఏ సంగతి ఒక్క మాట. లెక్కలూ అమ్మకాలూ ఇష్టమైతే మంచిదే, బీకాం కూడా కలిసొస్తుంది. మామయ్య చెప్పాడని చేరితే రెండేళ్ల తర్వాత ఏదో ఫైనాన్స్ కంపెనీలో టార్గెట్ల వెంట తిరగాలి. అది డిజిటల్ మీడియా కన్నా భద్రమని నేననను.

బిడ్డకు కూడా ఒకటి చెప్పండి: యూట్యూబ్ ప్రకటనల్లో వాటా రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లతో పాటు ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణ గానీ, తొంభై రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ గానీ ఉండాలి. అది దాటినా జీతంలా నెలనెలా ఒకే మొత్తం రాదు. వెబ్ డెస్కుల్లో రాత్రి షిఫ్టులుంటాయి. ఇంటికి దింపే క్యాబ్ ఉందా అని ఇంటర్వ్యూలోనే అడగమనండి.

"ఈ వారంలో కడితేనే సీటు" అని ఫోన్లు వస్తుంటే తొందరపడకండి. సీపీగెట్ ఫలితం చూశాకే నిర్ణయించుకోండి. ఎక్కడ చేరినా ఒరిజినల్ సర్టిఫికెట్లు సరిచూసి వెంటనే తిరిగివ్వాలి, తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. మెమోలు, టీసీ అక్కడే వదిలి రాకండి.