తోట ప్రశ్నలు: గుట్ట మీది తంగేడు పెరట్లో పూయాలంటే

ప్రశ్న: బతుకమ్మకు తంగేడు పూల కోసం ప్రతి ఏడూ ఊరి బయటికి పోవాల్సి వస్తోంది. పెరట్లోనే పెంచుదామని వానాకాలంలో గుట్ట మీద మోకాలెత్తు మొక్కను మట్టిగడ్డతో సహా తవ్వి తెచ్చాం. వారానికే ఎండిపోయింది. ఎందుకిలా?
– ఒక పాఠకురాలు, సిద్దిపేట

జవాబు: తవ్వినప్పుడు తల్లివేరు తెగింది. తంగేడు మొలిచిన తొలి వారాల్లో పైకి పెరిగేది తక్కువ, కిందికి దిగేది ఎక్కువ. మోకాలెత్తుకు వచ్చేసరికి దాని వేరు రాళ్ళ సందుల్లో చాలా లోతుకు పోయి ఉంటుంది. ఎంత పెద్ద గడ్డతో తవ్వినా మీ చేతికొచ్చేది పై ముక్కే. అలా పీకిన మొక్క గుట్టకూ దక్కదు, మీకూ దక్కదు. దయచేసి మొక్కను వదిలేసి కాయలు తెచ్చుకోండి.

కాయ బాగా ఎండి గోధుమరంగుకు తిరగాలి. గుండ్రటి చిల్లున్న గింజలను పురుగు తినేసి ఉంటుంది, వాటిని ఏరి పారేయండి. మంచి గింజకూ పెంకు గట్టిది. నీరు లోపలికి పోనివ్వదు. అందుకే నేరుగా విత్తితే కొన్నే మొలుస్తాయి, మిగతావి నెలల తరబడి మట్టిలో అలాగే పడి ఉంటాయి. నీళ్ళు కాచి, మరగడానికి ముందే పొయ్యి మీంచి దించి, గింజలు వేసి రాత్రంతా ఉంచండి. పొయ్యి మీదే ఉడకనిస్తే లోపలి మొలక చచ్చిపోతుంది. తెల్లారేసరికి ఉబ్బినవి విత్తడానికి సిద్ధం. ఉబ్బనివాటిని సాండ్ పేపర్ మీద, గింజ కన్నుకు (కాయకు అంటుకున్న చోటి చిన్న మచ్చకు) ఎదురు అంచున, లోపలి లేత రంగు కనిపించేదాకా రుద్ది మళ్ళీ నానబెట్టండి. కన్ను దగ్గర రుద్దితే మొలక దెబ్బతింటుంది.

అన్నిటికన్నా మంచిది మృగశిర కార్తెలో, తొలి వాన పడగానే, మొక్క ఉండాల్సిన చోటనే విత్తడం. ఒక్కో పాదుకు మూడు గింజలు, సెంటీమీటరు లోతు చాలు. జానెడు ఎదిగాక బలమైనదాన్ని ఉంచి మిగతావి కత్తెరతో కత్తిరించండి. పీకితే పక్కదాని వేరు కదులుతుంది. సంచుల్లోనే పెంచాలనుకుంటే కనీసం తొమ్మిదంగుళాల లోతున్నవి తీసుకోండి. ఆరు నుంచి ఎనిమిది వారాల్లోపు నేలలోకి మార్చేయాలి. ఆలస్యమైతే వేరు సంచి అడుగున చుట్టలు చుట్టుకుంటుంది. ఆ మొక్క తర్వాత నేలలో ఎంతకాలమున్నా ఎండకు తట్టుకోలేదు. ఒక్కో మొక్కకు అయిదడుగుల జాగా వదలండి. కంచెలా కావాలంటే రెండడుగులు చాలు.

ప్రశ్న: మేడ మీద కుండీలో తంగేడు మూడేళ్ళుగా ఉంది. ఆకు నిగనిగలాడుతుంది, పువ్వు మాత్రం లేదు. రోజూ నీళ్ళు పోస్తున్నాం, నెలకోసారి వర్మీకంపోస్టు, అప్పుడప్పుడు కాస్త యూరియా వేస్తున్నాం.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: యూరియా ఈరోజే ఆపేయండి. నత్రజని ఎక్కువైతే మొక్క ఆకులే వేస్తుంది. వర్మీకంపోస్టు కూడా ఏడాదికి ఒక్కసారి, జూన్‌లో, రెండు గుప్పెళ్ళు చాలు.

తర్వాత చూడాల్సింది ఎండ. ఆరు గంటలకు తక్కువ కాకుండా నేరుగా పడాలి. నీళ్ళ ట్యాంకు నీడలో గానీ పిట్టగోడ వారన గానీ ఉంటే కుండీని జరపండి.

నీళ్ళ విషయంలో చాలామంది రెండు వైపులా పొరబడతారు. కరువును తట్టుకునే మొక్క కదా అని కుండీలో ఉన్నదాన్ని వేసవిలో పూర్తిగా ఎండగడతారు. గుట్ట మీద దాని వేరు లోతున తడిని వెతుక్కుంటుంది, కుండీలో ఆ దారి లేదు. కాబట్టి వేసవిలో రెండు మూడు రోజులకోసారి, అడుగు రంధ్రంలోంచి కారేదాకా పోయాలి. మిగతా కాలంలో పైమట్టి రెండంగుళాల లోతు దాకా ఆరితేనే. మీలా రోజూ పోస్తే మొదట కింది ఆకులు పసుపెక్కి రాలతాయి, ఆ తర్వాత వేరుకుళ్ళు వస్తుంది. అప్పుడిక చేయగలిగింది పెద్దగా ఉండదు. కుండీ పద్దెనిమిది అంగుళాలకు తగ్గకూడదు. మట్టి మిశ్రమంలో ఎర్రమట్టి రెండు పాళ్ళు, ఇసుక ఒక పాలు, చివికిన పశువుల ఎరువు అర పాలు.

ఇక కత్తిరింపు. పూగుత్తులు కొత్త కొమ్మల చివర్లలోనే వస్తాయి. మే చివర్లో కొమ్మలను మూడో వంతు తగ్గించండి. వానలకు వచ్చే చిగుళ్ళు దసరా నాటికి పూతకొస్తాయి. ఆగస్టులో కత్తిరిస్తే మాత్రం ఆ ఏటి పూత కత్తెర పాలైనట్టే.

ప్రశ్న: నర్సరీలో తంగేడని ఇచ్చిన మొక్క అసలుదేనా? ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ఆకు కాడ మొదట్లో చూడండి. చెవి ఆకారంలో వెడల్పాటి చిన్న ఆకులు ఉంటే తంగేడు. అవి లేకుండా నిటారుగా సాగిపోతుంటే సీమ తంగేడు కావచ్చు. అది పెద్ద చెట్టవుతుంది, చిన్న పెరటికి పనికిరాదు.

ప్రశ్న: తంగేడు ఆకులను పచ్చని గొంగళిపురుగులు తినేస్తున్నాయి. ఏ మందు కొట్టాలి? పూలు బాగానే ఉన్నా కాయ కూడా పట్టడం లేదు.
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: మందు కొట్టకండి. అవి మీ పెరట్లో తిరిగే లేత పసుపు, తెలుపు సీతాకోకచిలుకల పిల్లలు. రెండేళ్ళు దాటిన మొక్క సగం ఆకు పోయినా వానాకాలంలో మళ్ళీ చిగురిస్తుంది. లేత మొక్కయితే పురుగులను చేత్తో తీసి పెద్ద మొక్క మీద వదలండి.

కాయ పట్టకపోవడానికీ మందులకూ సంబంధం ఉంది. తంగేడు పువ్వులో తేనె ఉండదు, పుప్పొడే ఆకర్షణ. ఆ పుప్పొడి తిత్తి చివరి సన్నని రంధ్రంలోంచి రాలాలంటే పెద్ద నల్ల తుమ్మెదలు పువ్వును పట్టుకుని ఝుమ్మంటూ కుదపాలి. చుట్టుపక్కల మొక్కలకు పురుగుమందు కొడితే ముందు పోయేవి ఆ తుమ్మెదలే. అవి ఎండు కర్రల్లో బొరియలు చేసుకుంటాయి. పెరట్లో ఒక పాత దుంగనో ఎండు వెదురునో ఉంచండి.

ప్రశ్న: బతుకమ్మలో పేర్చే గునుగు పూల మొక్కను కూడా ఇంట్లో పెంచుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: తంగేడు కన్నా సులువు. జులై మొదట్లో చెంచాడు గింజలను పది చెంచాల ఇసుకతో కలిపి చల్లి, చేత్తో అదిమి వదిలేయండి. గింజ చాలా సన్నం, మట్టి మందంగా కప్పితే మొలవదు. మొలకలను జానెడు దూరానికి పలచన చేయండి. మొక్క జానెడెత్తు కాగానే తల తుంచితే పక్క కొమ్మలొచ్చి కంకులు ఎక్కువవుతాయి. తుంచిన లేత చివళ్ళు కూరకు పనికొస్తాయి. విత్తనానికి రెండు మొక్కలుంచి, మిగతా కంకులను గింజ రాలకముందే కోసేయండి. లేదంటే వచ్చే వానాకాలం మీ కూరగాయల మడుల్లో అన్నిటికన్నా ముందు గునుగే మొలుస్తుంది.