ఓల్టేజీ, కరెంటు తెలిస్తే హీటర్ రాడ్ రెసిస్టెన్స్, పవర్ ఎలా లెక్కగట్టాలి?

ఓల్టేజీని కరెంటుతో భాగిస్తే రెసిస్టెన్స్, గుణిస్తే పవర్ వస్తాయి.

బకెట్‌లో పెట్టే రాడ్‌నే తీసుకుందాం. సాకెట్ దగ్గర 230 ఓల్టులు, క్లాంప్ మీటర్‌లో (వైరు చుట్టూ తగిలించి కరెంటు కొలిచే పరికరం) 6.5 ఆంపియర్లు చూపిస్తోంది. 230 ÷ 6.5 = 35.4 ఓములు. 230 × 6.5 = 1495 వాట్లు, అంటే 1500 వాట్ల రాడ్ సరిగ్గానే పనిచేస్తోంది. మామూలు 6 ఆంపియర్ల సాకెట్‌కి ఇది ఎక్కువ లోడ్. పిన్నులు వేడెక్కి ప్లాస్టిక్ కరగొచ్చు. 16 ఆంపియర్ల సాకెట్‌లోనే పెట్టండి.

సాయంత్రం ఓల్టేజీ 190కి పడిపోతే? చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. కరెంటు 6.5 దగ్గరే ఉంటుందనుకుని 190ని 6.5తో గుణిస్తారు. నిజానికి దాదాపు మారనిది రెసిస్టెన్స్. కాబట్టి కరెంటు 190 ÷ 35.4 = 5.37కి తగ్గుతుంది, పవర్ 1020 వాట్లే. ఓల్టేజీ తగ్గింది ఆరో వంతు, పవర్ తగ్గింది దాదాపు మూడో వంతు! 20 లీటర్ల నీళ్లు 25 నుంచి 50 డిగ్రీలకు రావడానికి 23 నిమిషాల బదులు 34 పడుతుంది. బకెట్ నుంచి బయటికి పోయే వేడి ఇందులో కలపలేదు.

క్లాంప్‌ని ఫేజ్ వైరు ఒక్కదానికే తగిలించాలి. మొత్తం కేబుల్‌కి తగిలిస్తే రెండు వైర్ల కరెంటూ రద్దయి మీటర్ సున్నా చూపిస్తుంది.

ఫిలమెంట్ బల్బుని మాత్రం ఆర్పి మల్టీమీటర్‌తో కొలవకండి. 100 వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు 529 ఓములు. చల్లగా ఉంటే అందులో పదో వంతు కూడా ఉండదు. ఫ్యాన్, మోటార్ల పవర్ లెక్కలో పవర్ ఫ్యాక్టర్‌తో (ఓల్టేజీ, కరెంటు గుణిస్తే వచ్చేదాంట్లో నిజంగా పవర్ అయ్యే వాటా) కూడా గుణించాలి.