బాబు బడి సంగతి, అత్త రాస్తున్నది

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి, అనంతపురం నుంచి మేనత్త ఆశీర్వదించి రాసేది.

ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు. అందుకే రాస్తున్నా. దాచిపెట్టుకో.

బాబుకు మూడేళ్ళప్పుడే డాక్టరు ఆటిజం అనుమానం చెప్పాడు. "మావాడికీ ఐదేళ్ళకే మాటలొచ్చినాయి" అని మీ అత్తగారు అక్కడితో ఆపించారు. ఇప్పుడు మాటలొచ్చాయి గానీ, రెండో తరగతిలో కుదురుగా కూర్చోడు, పిలిస్తే పలకడు. వేరే బడి చూసుకోండి అన్నట్టు టీచరమ్మ మాట్లాడిందన్నావు. సరే, అయిందేదో అయింది.

వాడికి పరీక్షలు చేయించడం ఒక పని, వైకల్య సర్టిఫికెట్ తీసుకోవడం ఇంకో పని, బడిలో సాయం అడగడం మూడో పని. ఒకటయ్యాక ఒకటి అనుకుంటే ఈ చదువు సంవత్సరం కాస్తా అయిపోతుంది. మూడూ ఒకేసారి మొదలుపెట్టు.

ముందు ఒక నోట్‌బుక్ కొని రాయడం మొదలుపెట్టు. "అల్లరి చేస్తాడు" అని రాస్తే డాక్టరుకు ఏమీ తెలియదు. "తెలుగు పుస్తకం తీసి, పదో పేజీ తిప్పి, పద్యం రాసుకో అన్నాను. పుస్తకం తీశాడు, అక్కడే ఆగిపోయి ఫ్యాను వైపు చూస్తున్నాడు. భుజం తట్టి మళ్ళీ చెబితే పేజీ తిప్పాడు" అని రాయి. శెనక్కాయలు ఒలిచేటప్పుడు గింజలు గడప పొడుగునా వరస పెడతాడనీ, ఎవరైనా ఒక గింజ తీస్తే గుక్కపట్టి ఏడుస్తాడనీ చెప్పావే, అప్పుడు ఫోన్లో వీడియో తియ్యి. డాక్టరు గదిలో పది నిమిషాలు బుద్ధిమంతుడిలా కూర్చున్నాడంటే నీ మాట ఎవరూ నమ్మరు, వీడియో నమ్ముతారు. ఎన్నింటికి పడుకున్నాడు, ఏ శబ్దానికి చెవులు మూసుకున్నాడు, ఏ పనిలో అరగంటైనా కదలకుండా ఉన్నాడు, అన్నీ రాయి. వచ్చే పోయే బస్సుల బోర్డులన్నీ చదువుతాడు కదా, అది కూడా రాయి. వాడికి చేతకానివి రాసి చేతనైనవి వదిలేస్తే సగం పిల్లోడినే చూపించినట్టు.

ఇక చూపించడం. ఇక్కడి సర్వజన ఆసుపత్రిలో డీఈఐసీ విభాగం ఎక్కడని అడుగు. పిల్లల ఎదుగుదల సమస్యలకు 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే అనే పిల్లల ఆరోగ్య పథకం కింద నడిచే కేంద్రం అది. పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళకు ఉచితం. మొదట చెవి పరీక్ష చేయించు. పిలిస్తే పలకని పిల్లోడికి వినపడుతోందో లేదో తేల్చకుండా ఏ మాటా చెప్పకూడదు. కళ్ళు నిలబెట్టి కాసేపు అలాగే ఉండిపోతాడన్నావు, అది కూడా తప్పక చెప్పు. కొందరు పిల్లల్లో ఫిట్స్ ఒళ్ళు కొట్టుకోకుండా అలాగే వస్తాయి, అవునో కాదో ఈఈజీ అనే మెదడు పరీక్ష తీసి చూస్తారు.

ఆటిజం ఉన్న పిల్లలకు ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవక, కుదురుగా ఉండలేని సమస్య) అని విడిగా రాయకూడదనేది ఒకప్పటి పద్ధతి. 2013లో అమెరికా సైకియాట్రీ సంఘం డీఎస్‌ఎం-5 అనే రోగనిర్ధారణ పుస్తకం తెచ్చినప్పటి నుంచి రెండూ కలిపి రాయొచ్చు. "అంతా ఆటిజమేలేమ్మా" అని పంపేస్తే ఊరుకోవద్దు, ధ్యాస సంగతి కూడా చూడమని నువ్వే అడుగు. దానికి ఇంట్లోనూ బడిలోనూ ఆ లక్షణాలు కనిపించాలి, ఆరు నెలలకు తగ్గకుండా ఉండాలి. అందుకే టీచరు చేత కూడా ఒక ప్రశ్నల కాగితం నింపిస్తారు. పరీక్ష చేసే సైకాలజిస్టుకు ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉందా అని అడగడానికి మొహమాటపడకు. ఇక్కడ తేలకపోతే బెంగళూరులో నిమ్హాన్స్ అనే మానసిక వైద్య ఆసుపత్రి ఉంది, సికింద్రాబాద్‌లో ఎన్‌ఐఈపీఐడీ అనే మేధో వైకల్యాల జాతీయ సంస్థ ఉంది.

మందుల గురించి భయపడుతున్నావు. ధ్యాసకు మిథైల్‌ఫెనిడేట్ లాంటివి ఇస్తారు. ఆటిజం కూడా ఉన్న పిల్లలకు కొద్ది డోసుతో మొదలుపెట్టి జాగ్రత్తగా చూస్తారు. ఆకలి, నిద్ర తగ్గొచ్చు. అవసరమా కాదా డాక్టరే చెప్పాలి, పక్కింటావిడ కాదు. స్టెమ్ సెల్స్ ఎక్కించి ఆటిజం నయం చేస్తామని లక్షలు అడిగేవాళ్ళ గుమ్మం మాత్రం తొక్కొద్దు. కసాపురం ఆంజనేయస్వామికి మొక్కుకున్నారని మీ అత్తగారు అంటున్నారు కదా, శుభ్రంగా పోయి రండి. ఆసుపత్రి తేదీ మాత్రం దానికోసం మార్చొద్దు.

సర్టిఫికెట్ దగ్గరే మీ ఇంట్లో గొడవంతా. ముద్ర పడుతుందంటున్నారు. బడిలో వాడికి "మొండోడు" అన్న ముద్ర ఎప్పుడో పడింది, కాగితం వల్ల కొత్తగా పడేదేం లేదు. పైగా దాన్ని ఎవరికి చూపించాలో మీ ఇష్టం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. ఆటిజం అందులో ఉంది, ఏడీహెచ్‌డీ పేరు లేదు. అందుకే రిపోర్టులో ఆటిజం అన్న మాట స్పష్టంగా ఉండాలి. ఆటిజం ఎంతుందో కొలవడానికి ఐఎస్‌ఏఏ అనే పద్ధతి ఉంది, అందులో 40 అంశాలు. 70 స్కోరు వస్తే 40 శాతం వైకల్యం కింద లెక్కగడతారు. ఆ 40 శాతం ఉంటే ఆరు నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా దగ్గరి బడిలో గానీ, మీరు కోరుకున్న ప్రత్యేక బడిలో గానీ ఉచితంగా చదువుకునే హక్కు వస్తుంది. రేపు పెద్ద పరీక్షల్లో గంటకు 20 నిమిషాలు అదనపు టైమ్, స్క్రైబ్ (వాడి బదులు రాసిపెట్టే మనిషి) లాంటివి అడగడానికీ ఇదే ఆధారం. నిరామయ బీమాలో ఏటా లక్ష రూపాయల దాకా వస్తుంది, థెరపీ ఖర్చులకూ పనికొస్తుంది. సచివాలయానికి పోయి, ఈ సర్టిఫికెట్ ఇచ్చే సదరం శిబిరానికి స్లాట్ బుక్ చేసుకో. అల్లుడికి కాస్త నచ్చజెప్పు. వాళ్ళమ్మకు ఆయన చెబితేనే ఎక్కుతుంది.

బడి దగ్గర అసలు కిటుకు ఉంది. నేను హెచ్చెమ్‌గా చేసినదాన్ని కాబట్టి టీచరు వైపు నుంచి చెబుతున్నా. నలభై మంది పిల్లల్ని పెట్టుకున్న మనిషికి ఇంటర్నెట్‌లో దొరికిన పదిహేను సలహాలు ప్రింటు తీసి ఇస్తే బల్ల సొరుగులో పడేస్తుంది. మూడే అడుగు. కిటికీకి, తలుపుకు దూరంగా ముందు బెంచీలో కూర్చోబెట్టమను. ఒకసారికి ఒక్క పనే చెప్పి, అది అయ్యాక రెండోది చెప్పమను. పది లెక్కల బదులు ఐదు చేయించి, మధ్యలో సుద్ద ముక్కలు తెమ్మనో, హాజరు పట్టీ ఆఫీసులో ఇచ్చి రమ్మనో ఒకసారి లేపమను. వాడికి కాళ్ళాడించే అవకాశం దొరుకుతుంది, అల్లరని ఎవరూ అనరు. ఈ మూడూ నెల రోజులు నడిచాక, ప్రార్థనలో మైకు మోతకు చెవులు మూసుకుంటాడు కదా, అప్పుడు దాని గురించి మాట్లాడు.

నోటితో అడిగి వదిలేయకు. లేఖ రాసి, నకలు మీద బడి ముద్ర, తేదీ వేయించుకో. రిపోర్టు రాకముందే ఈ లేఖ ఇవ్వొచ్చు. ముందు బెంచీలో కూర్చోబెట్టడానికి సదరం బోర్డు అనుమతి ఎందుకు? మళ్ళీ వేరే బడి మాట ఎత్తితే, విద్యాహక్కు చట్టం ప్రకారం చేర్చుకున్న పిల్లోణ్ణి ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా తీసెయ్యకూడదని నెమ్మదిగా చెప్పు. కొట్టడం కూడా అదే చట్టం కింద నిషేధం. కానీ చట్టంతో మొదలుపెట్టకు. రోజూ ఆరు గంటలు వాడు ఉండేది ఆ టీచరమ్మ దగ్గరే. ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసులో భవిత కేంద్రం ఎక్కడుందో అడుగు. అక్కడి ప్రత్యేక టీచర్లు ఇలాంటి పిల్లలతోనే పని చేస్తారు, ఒకసారి బాబును తీసుకుపోయి కలువు.

లేఖ రాశాక బడికి ఇచ్చే ముందు నాకు వాట్సాప్ చెయ్యి, దిద్ది పంపుతా. ఆసుపత్రికి వచ్చే ముందు రోజు సాయంత్రమే బయల్దేరి మా ఇంటికి వచ్చేయండి. తెల్లారేసరికి ఓపీ దగ్గర ఉండొచ్చు, బాబుకూ కొత్త చోటు కాస్త అలవాటవుతుంది. నోట్‌బుక్, పాత డాక్టరు చీటీ, ఆధార్ మర్చిపోవద్దు.

ఇట్లు
మీ అత్త