ఇంటర్నేషనల్ టాక్స్ నేర్చుకోవాలంటే వైజాగ్ వదలాలా?

ప్రశ్న: మా అమ్మాయి సీఏ ఇంటర్ రెండు గ్రూపులూ పాసైంది. ఇంటర్నేషనల్ టాక్సేషన్ వైపు వెళ్తానంటోంది. ఆ పని వైజాగ్‌లో ఉండదు, ఆర్టికల్‌షిప్‌కే (సీఏ ఆఫీసులో చేసే శిక్షణకే) హైదరాబాద్‌ పంపమంటున్నారు బంధువులు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, గాజువాక

జవాబు: పంపదలిస్తే పంపండి. ఇక్కడ పని లేదన్న మాట మీద మాత్రం పంపకండి.

ఈ సబ్జెక్టులో అన్నిటికన్నా ముందు తేల్చాల్సింది ఒకటే: ఈ మనిషి ఈ ఏడాది ఏ దేశానికి రెసిడెంట్, అంటే పన్ను లెక్కలో ఏ దేశ నివాసి? మన దగ్గర మామూలు రెసిడెంట్ అయితే ప్రపంచంలో ఏ మూల సంపాదించినా ఇక్కడ చూపాలి. నాన్ రెసిడెంట్ అయితే ఇక్కడి ఆదాయం మీదే పన్ను. అన్ని దేశాలదీ ఒకే దారి కాదు. అమెరికా తన పౌరులు ఎక్కడున్నా పన్ను అడుగుతుంది. దుబాయ్‌లో జీతం మీద పన్నే లేదు.

ఇక మన ఊరు చూడండి. మర్చంట్ నేవీ కుటుంబాలు మీ చుట్టుపక్కలే ఉంటాయి. ఓడ ఉద్యోగి ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఇండియాలో గడిపితే రెసిడెంట్ అయిపోతాడు. ఆ లెక్కకు ఆధారం సీడీసీలోని (ఓడ ఉద్యోగి సర్వీసు పుస్తకంలోని) సైన్ ఆన్, సైన్ ఆఫ్ తేదీలు, అంటే ఓడ ఎక్కిన, దిగిన తేదీలు. మార్చిలో వారం ముందు ఓడ దిగినందుకు ఏడాది జీతమంతా పన్ను కిందికి రావొచ్చు. ‘ఓడ జీతం ట్యాక్స్ ఫ్రీ’ అన్న మాట నమ్మి రోజులు లెక్కపెట్టుకోనివాళ్లు ఎందరో. నోటీసు వచ్చాక వాళ్ల ఇళ్లలో పడే కంగారు చూస్తే బాధేస్తుంది.

రుషికొండ వైపు వెళ్తే ఐటీ ఉద్యోగులకు అమెరికా మాతృసంస్థ షేర్లుంటాయి. లక్ష రూపాయల డివిడెండ్ వస్తే, రెండు దేశాల పన్ను ఒప్పందం ప్రకారం అమెరికా 25 శాతం, అంటే 25,000 పట్టుకుంటుంది. 30 శాతం శ్లాబులో ఉన్నవారికి ఇక్కడ సెస్సుతో 31,200 అవుతుంది. అక్కడ కట్టింది తీసేసి మిగతా 6,200 కడితే చాలు. అదే 20 శాతం శ్లాబైతే ఇక్కడి పన్ను 20,800. అక్కడ ఎక్కువగా కట్టిన 4,200 మన ప్రభుత్వం తిరిగివ్వదు. అసలు ఆ షేర్లను రిటర్న్‌లో చూపడమే చాలామంది మరిచిపోతారు. స్థిరాస్తి కాని విదేశీ ఆస్తులు 20 లక్షలు దాటి, చూపకపోతే 2015 నాటి నల్లధనం చట్టం కింద 10 లక్షల పెనాల్టీ పడొచ్చు. ఇలాంటి ఫైళ్లు పది చేతిలో పడితే మీ అమ్మాయికి పునాది వేసినట్టే.

ఇక్కడ దొరకనిది ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్. పెద్ద కంపెనీలు తమ విదేశీ అనుబంధ సంస్థలతో నడిపే లావాదేవీల ధరల లెక్క అది. దానికి హైదరాబాద్, బెంగళూరు, ముంబై వెళ్లక తప్పదు. ఫైనల్ అయ్యాక ఉద్యోగానికి వెళ్లినా ఆలస్యమేమీ కాదు.

కోర్సుల గురించి ఇప్పుడే హైరానా వద్దు. సీఏల సంస్థ ఐసీఏఐలో సభ్యురాలయ్యాక వారి ఇంటర్నేషనల్ టాక్సేషన్ డిప్లొమా ఉంది, ఇదే సబ్జెక్టులో బ్రిటన్ సంస్థ నడిపే ఏడీఐటీ కోర్సు ఉంది. అమెరికా రిటర్నుల పనే కావాలనుకుంటే ఎన్‌రోల్డ్ ఏజెంట్ పరీక్ష. ముందు మన చట్టం గట్టిగా రావాలి. 1961 ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చేలా చేశారు కాబట్టి కొత్త సెక్షన్లతోనే చదవమనండి. విశాఖలోనే ఆదాయపు పన్ను అప్పిలేట్ ట్రిబ్యునల్ బెంచ్ ఉంది. దాని తీర్పులు ఆన్‌లైన్‌లో ఉచితం, వారానికొకటి చదివినా మంచిదే.

నా దృష్టిలో ఊరి కన్నా ఆఫీసు ముఖ్యం. బ్యాంక్ ఆడిట్లతోనే గడిపే ఆఫీసైతే హైదరాబాద్‌లో చేరినా దక్కేది తక్కువ. ఎన్నారై రిటర్నులు చేస్తారా, ఓడ ఉద్యోగుల ఫైళ్లున్నాయా, విదేశాలకు డబ్బు పంపేటప్పుడు ఇచ్చే సర్టిఫికెట్లు ఇస్తారా, ఆ పని ఆర్టికల్స్ చేతికి ఇస్తారా అని చేరకముందే అడగాలి. ఆర్టికల్‌షిప్ ఇప్పుడు రెండేళ్లే, మధ్యలో ఆఫీసు మారడం అంత తేలిక కాదు. ఈ మాటలు మీ అమ్మాయినే అడగనివ్వండి. మీరు వెంట వెళ్లినా బయట కూర్చోండి.