సైటుకి రెండేళ్ళుగా ఊరికే రాస్తున్నాను, ఇప్పుడు డబ్బులు అడగొచ్చా?

ప్రశ్న: మాది హన్మకొండ. ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌ని. జీతం 28 వేలు, వేసవిలో రెండు నెలలు అదీ ఉండదు. రెండేళ్ళుగా ఒక తెలుగు వెబ్‌సైటుకి మా చుట్టుపక్కల గుళ్ళు, కోటలు, చెరువుల గురించి వారానికి రెండు వ్యాసాలు రాస్తున్నాను. ఫొటోలూ నావే. "సైటు పెరిగాక చూద్దాం, ముందు మీకు పేరొస్తుంది కదా మేడమ్" అంటూ వచ్చారు. ఇప్పుడు సైటు నిండా ప్రకటనలే. ఈమధ్య ఒక అగ్రిమెంట్ పంపి సంతకం చేయమన్నారు. డబ్బుల మాట ఎత్తితే ఏఐతో రాయించుకుంటాం అన్నారు. మావారు మానేయమంటున్నారు, నాకేమో మానాలని లేదు. అడగొచ్చా? ఎంత అడగాలి? ఉద్యోగం మానేసి ఇదే చేసుకోవచ్చా?

జవాబు: అడగాలండీ. ఈ నెలే అడగండి. ఉద్యోగం మాత్రం మానొద్దు, ఆ సంగతి చివర్లో చెప్తాను.

డబ్బులు లేకుండా రాయడం తప్పని నేను అనను. తెలుగు వికీపీడియా 2003లో మొదలైంది, అక్కడ రాసేవాళ్ళంతా స్వచ్ఛందంగానే రాస్తారు. 1998 నుంచి వస్తున్న ఈమాట అనే వెబ్ పత్రికను నడిపేవాళ్ళు కూడా సొంత పనులు చూసుకుంటూ ప్రేమకొద్దీ నడుపుతున్నారు. అలాంటి చోట రాసేవాళ్ళకీ డబ్బు రాదు, నడిపేవాళ్ళూ జేబులో వేసుకోరు. మీ సైటు సంగతి అది కాదు. అక్కడ పేజీ తెరుచుకున్న ప్రతిసారీ ఓనరుకి ఎంతో కొంత వస్తోంది, ఆ పేజీ మీద ఉన్నది మీ వ్యాసం, మీ ఫొటో. ఒకరు సంపాదించుకుంటున్నప్పుడు ఇంకొకరిది మాత్రమే సేవ ఎలా అవుతుంది? ఎవరైనా "ఊరికే రాసిపెట్టండి" అన్నప్పుడు నేను అడిగే ప్రశ్న ఒక్కటే, దీని మీద ఎవరికైనా ఆదాయం ఉందా లేదా అని.

ఒకప్పుడు "తెలుగు సైటుకి డబ్బులెక్కడివండీ" అంటే అందులో నిజముండేది, ఎందుకంటే సైట్లలో ప్రకటనలు వేసి ఓనరుకి డబ్బులిచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ తెలుగు పేజీలకి ప్రకటనలు ఇచ్చేదే కాదు. 2018లో తెలుగుకీ ఇవ్వడం మొదలుపెట్టారు. గూగుల్ లెక్క ప్రకారం ప్రకటనదారు కట్టే ప్రతి 100 రూపాయల్లో సగటున 68 దాకా సైటు ఓనరుకే వెళ్తాయి. తెలుగు పేజీలకి రేటు తక్కువన్నది నిజమే, మీ ఓనరు కోట్లు వెనకేసుకుంటున్నాడని కూడా నేననను. కానీ తక్కువ ఆదాయంలో తక్కువ వాటా ఇవ్వడం వేరు, అసలు ఇవ్వకపోవడం వేరు. వెనకటికి వారపత్రికలు కథ అచ్చయితే చిన్న మొత్తమైనా పారితోషికం మనీఆర్డరు చేసేవి. ఊళ్ళలో విలేకరులకి లైన్ ఎకౌంట్ ఉండేది, ఎన్ని లైన్లు పడితే అన్ని డబ్బులు. చాలీచాలని డబ్బులే, అయినా రాసినదానికి లెక్కంటూ ఉండేది. మీకు ఆ లెక్క కూడా లేదు.

ఆ లెక్క ఇప్పుడు వేద్దాం, ఎందుకంటే "ఎంత అడగాలి" అన్నదానికి జవాబు అందులోనే ఉంది. గణపురం కోటగుళ్ళకో రామప్పకో వెళ్ళొచ్చి, ఫొటోలు ఏరి, చదవాల్సింది చదివి, రాసి పంపేసరికి ఒక్కో వ్యాసానికి తక్కువలో తక్కువ ఎనిమిది గంటలు వేసుకోండి. వారానికి రెండంటే 16 గంటలు, ఏడాదికి 832. కాలేజీలో నెలకి 26 రోజులు, రోజుకి ఆరు గంటలు అనుకుంటే మీ జీతం గంటకి సుమారు 180 రూపాయలు పడుతుంది. ఆ రేటుకే చూసినా మీరు ఏడాదికి దాదాపు లక్షన్నర రూపాయల పని ఊరికే చేసిపెడుతున్నారు. లక్షన్నర అంటే పీపీఎఫ్‌లో ఏడాదికి గరిష్ఠంగా కట్టగలిగే మొత్తం. ఇప్పుడున్న 7.1 శాతం వడ్డీతో పదిహేనేళ్ళు కడితే 40 లక్షలు దాటుతుంది. ఆ గంటలన్నీ బయట అమ్ముడుపోయేవే అని కాదు, ఆదివారం ట్యూషన్ చెప్పినా అన్ని గంటలకీ పిల్లలు దొరకరు. అయినా ఈ అంకె ఒక్కసారి కాగితం మీద రాసి చూసుకోండి, అడిగేటప్పుడు మొహమాటం సగం తగ్గుతుంది.

కాబట్టి మీ కనీస రేటు వ్యాసానికి 1,500. ఎనిమిది గంటలకి 1,440, పైగా బస్సు మహాలక్ష్మి కింద ఫ్రీ అయినా దిగాక ఆటో ఉంటుంది, టీ, టిఫిను ఉంటాయి. ఓనరు అంత ఇవ్వలేనంటే రేటు తగ్గించకండి, వ్యాసాలు తగ్గించండి. వారానికి రెండు కాదు, ఒకటి. నెలకి నాలుగు వ్యాసాలు, 6,000 రూపాయలు. చాలామంది ఇక్కడే జారిపోతారు, 1,500 నుంచి 800కి, 800 నుంచి 300కి దిగి, పని మాత్రం అంతే చేస్తుంటారు. నిజంగానే ఆదాయం తక్కువని ఓనరు యాడ్‌సెన్స్ పేజీ తెరిచి చూపిస్తే మీ వ్యాసాల మీద వచ్చేదాంట్లో సగం వాటా అడగండి. చూపించనంటే వాటా బేరం వద్దు, కనపడని అంకెలో సగం ఎంతో ఎవరూ చెప్పలేరు.

ఏఐ బెదిరింపు గురించి టెన్షన్ పడకండి. దాంతో సరిపోయేదైతే ఇన్నాళ్ళూ మీకు ఫోన్లు చేసేవాళ్ళు కాదు, అగ్రిమెంటూ పంపేవాళ్ళు కాదు. చెరువు కట్ట మీద నిలబడి ఊరి పెద్దమనిషిని తూము ఎప్పటిదని అడిగి రాసుకోవడం, గుడి వెనక పడి ఉన్న ద్వారబంధాన్ని ఫొటో తీయడం కంప్యూటరు చేసే పని కాదు. వాళ్ళకి కావలసింది అదే.

ఇప్పుడు అగ్రిమెంటు. మీ ఉత్తరంతో పాటు పంపిన కాపీ చదివాను. మూడో పేజీలో "ఇప్పటివరకు ఇచ్చినవి, ఇకపై ఇచ్చేవి అన్నింటిపై, ప్రస్తుతం ఉన్న, భవిష్యత్తులో రాబోయే అన్ని మాధ్యమాల్లో, ప్రపంచవ్యాప్తంగా, శాశ్వతంగా సర్వహక్కులు" అని ఒక వాక్యం ఉంది. దయచేసి దాని కింద సంతకం పెట్టకండి. 1957 నాటి మన కాపీరైట్ చట్టం ప్రకారం ఒకరి దగ్గర ఉద్యోగంలో భాగంగా కాకుండా మీరు సొంతంగా రాసినదానికి మొదటి హక్కుదారు మీరే, మీరు తీసిన ఫొటోలకీ అంతే. ఆ హక్కు ఇంకొకరికి పోవాలంటే రాతపూర్వకంగా, మీ సంతకంతోనే పోవాలి. గడువు రాయకపోతే ఐదేళ్ళ వరకే అనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనీ చట్టమే అంటుంది. ప్రతిఫలం ఎంతో కూడా అందులో రాయాలంటుంది. అందుకే వాళ్ళు అన్నీ విడమర్చి రాసుకున్నారు, డబ్బు సంగతి తప్ప. రెండేళ్ళలో రాసిన సుమారు 200 వ్యాసాలు ఈ రోజుకీ మీవే. రేపు పుస్తకం వేసుకున్నా, ఇంకెవరికైనా ఇచ్చినా మీ ఇష్టం. ఆ ఒక్క సంతకంతో అవన్నీ చేజారిపోతాయి. ఓనరు ఇచ్చే 6,000 కన్నా దీని విలువ ఎక్కువని నా గట్టి నమ్మకం. ఇవ్వాలనుకుంటే కొత్త వ్యాసాలకి మాత్రమే, వెబ్‌సైటులో వేసుకునే హక్కు మాత్రమే, ఒక ఏడాదికి ఇవ్వండి.

పాత వ్యాసాల డబ్బులు వెనక్కి అడగొచ్చా అని మీరు అడగలేదు గానీ మనసులో ఉండే ఉంటుంది. అమెరికాలో హఫింగ్టన్ పోస్ట్ సైటుని 2011లో ఏఓఎల్ కంపెనీ 31.5 కోట్ల డాలర్లకి కొంది. అప్పటిదాకా ఊరికే రాసిన బ్లాగర్ల తరఫున జొనాథన్ టాసినీ అనే రచయిత, మా వాటా కనీసం 10.5 కోట్ల డాలర్లు అని కోర్టుకెక్కాడు. 2012లో కోర్టు కేసు కొట్టేసింది, అప్పీలులోనూ అదే తీర్పు. డబ్బు రాదని తెలిసే ఇచ్చారు కదా అన్నది కోర్టు మాట. నాకు ఆ తీర్పు న్యాయంగా అనిపించదు, వేలమంది రాతల మీద పెరిగిన సైటు అది. కానీ మన దగ్గరా నోటిమాట మీద నడిచినదానికి పాత బాకీ రాబట్టడం కష్టమే. ఆ రెండేళ్ళ డబ్బు మీద ఆశ పెట్టుకోకండి. హక్కులు మీ దగ్గరున్నాయి, అవి కాపాడుకోండి. ఇకపై ఒక్క వ్యాసమైనా సరే, రేటు మాట్లాడుకున్నాకే పంపండి.

ఎలా అడగాలంటే, ఫోన్ వద్దు. ఫోన్లో వాళ్ళు "మేడమ్, మనలో మనకి డబ్బులేంటి" అంటారు, మీరు నవ్వి ఊరుకుంటారు. మెయిల్ పెట్టండి, నాలుగు వాక్యాలు చాలు: "వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి నా వ్యాసానికి, ఫొటోలతో కలిపి, 1,500 రూపాయలు. నెలకి నాలుగు ఇస్తాను. నెలాఖరున బిల్లు పంపుతాను, 15 రోజుల్లో చెల్లించాలి. సరేనంటే జవాబివ్వండి, లేకపోతే ఈ నెలతో ఆపుతున్నాను." అంతే, క్షమాపణలు అక్కర్లేదు, ఇంట్లో ఇబ్బందులు చెప్పుకోనక్కర్లేదు. బిల్లులో తేదీ, బిల్లు నంబరు, వ్యాసం పేరు, మొత్తం, మీ పాన్, బ్యాంకు ఖాతా వివరాలు ఉంటే చాలు. జీఎస్టీ గొడవ లేదు, సేవలకి ఏడాదికి 20 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్.

బిల్లు పంపకముందే ఇంకో పని చేయండి, ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు. ఆధార్, పాన్ ఉంటే ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితంగానే అవుతుంది, డబ్బులడిగే ఏజెంట్ల జోలికి పోకండి. సేవలందించే సూక్ష్మ సంస్థగా మీ పేరు నమోదైతే, 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం ఒప్పందం ఉన్నా 45 రోజులు మించి మీ డబ్బు ఆపడానికి లేదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే. ఆపితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకి మూడు రెట్ల చక్రవడ్డీ అడగొచ్చు, రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేయొచ్చు. ఆరు వేల కోసం అంతదాకా ఎవరూ వెళ్ళరనుకోండి, అయినా బిల్లు మీద ఉద్యమ్ నంబరు ఉంటే అవతలివాళ్ళు జాగ్రత్తగా ఉంటారు.

పన్ను సంగతి చిన్నదే. ఒక్కరి దగ్గర్నుంచే ఏడాదికి 50 వేలు దాటితే (2025 ఏప్రిల్ ముందు ఇది 30 వేలు) 10 శాతం టీడీఎస్, అంటే డబ్బిచ్చేటప్పుడే కోసుకునే పన్ను, పట్టుకోవచ్చు. నెలకి ఆరు వేల చొప్పున ఏడాదికి 72 వేలు, అందులో 7,200 పోతుంది. పది నెలల జీతం 2.8 లక్షలు కలిపినా మీ మొత్తం 4 లక్షలు దాటదు, కొత్త విధానంలో మీకు పన్నే లేదు. రిటర్ను వేసి ఆ 7,200 వెనక్కి తెచ్చుకోండి. అయితే ఈ ఆదాయం ఉంటే ఐటీఆర్-1 అనే రిటర్ను ఫారం పనికిరాదు, మీకు 3 వర్తిస్తుందో 4 వర్తిస్తుందో దగ్గర్లోని ఆడిటరుకి చూపించి వేయించండి.

ఇక ఉద్యోగం. ఒకే ఒక్క సైటు, ఇంకా ఒక్క రూపాయి కూడా ఇవ్వని సైటు, దాన్ని నమ్ముకుని 28 వేలు వదులుకోవడం వద్దు. కనీసం మూడు చోట్ల నుంచి ఏడాది పాటు క్రమం తప్పకుండా డబ్బు వచ్చి, ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా బ్యాంకులో పడ్డాక మళ్ళీ రాయండి, అప్పుడు ఆలోచిద్దాం. ఈలోపు ఈ డబ్బుకి మీ ఇంట్లో సరైన చోటు ఒకటుంది: మే, జూన్ నెలలు. జీతం రాని ఆ రెండు నెలల లోటు 56 వేలు. జూలైలో ఆరు వేలతో పది నెలల ఆర్డీ మొదలుపెడితే కట్టినదే 60 వేలవుతుంది, వచ్చే మే నెలలో వడ్డీతో చేతికొస్తుంది. టీడీఎస్ పట్టుకున్న నెలల్లో ఆ ఆరు వందలు మాత్రం మీ జీతంలోంచి కలిపి కట్టండి.