తల్లి కోపానికి జడిసి ఉద్యోగం మానకండి

ప్రశ్న: మాది హనుమకొండ. డిగ్రీ తర్వాత ఒక ప్లేస్కూల్లో రెండు, మూడేళ్ల పిల్లలకు టీచరుగా చేరాను. గత వారం ఒక బాబు పక్కనున్న పాప చేతిని కొరికాడు. సాయంత్రం పాప తల్లి గాట్లు చూసి, ఎందుకు చెప్పలేదని గేటు దగ్గర అందరి ముందూ నన్ను నిలదీశారు. నాకంటే పెద్దవారైన ఆయా, "టీచరమ్మ ఫోను చూసుకుంటోంది" అని ప్రిన్సిపాల్‌తో చెప్పారట. మానేసి బ్యాంకు పరీక్షలకు చదవమని ఇంట్లో అంటున్నారు. ఏం చేయను?

జవాబు: అవమానం పచ్చిగా ఉన్నప్పుడు ఇలాంటి నిర్ణయం తీసుకోకండి. ముందు జరిగినదాన్ని నిదానంగా చూద్దాం.

రెండేళ్ల పిల్లలు కొరుకుతారు. మాటలు పూర్తిగా రాని వయసులో బొమ్మ లాక్కుంటే వాళ్లకు తోచేది అదే. ఈ సంగతి చాలామంది తల్లులకూ తెలుసు. మరి ఆమెకు అంత కోపం ఎందుకు? పాపను ఎత్తుకున్నప్పుడు చొక్కా చెయ్యి పైకి జరిగి పళ్ల గాట్లు కనిపించాయి. అంతవరకూ ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. ఎంజీఎం ఆసుపత్రిలో డ్యూటీ దిగి వచ్చినా, సుబేదారిలో ఆఫీసు ముగించుకుని వచ్చినా, ఆ క్షణాన ఏ తల్లికైనా వచ్చే అనుమానం ఒకటే: ఇంకేం దాస్తున్నారు?

కాబట్టి వార్త మీ నోటి నుంచే ముందు వెళ్లాలి. గాటును సబ్బునీళ్లతో కడిగి చల్లని తడిగుడ్డ పెట్టండి. చర్మం తెగితే డాక్టరుకు చూపించాలి. వెంటనే ఫోను చేసి, "అమ్మా, పదకొండింటికి ఆటలో ఒక బాబు పాప చేతిని కొరికాడు. కడిగాం, ఇప్పుడు ఆడుకుంటోంది" అని చెప్పండి. ఎంత అడిగినా ఆ బాబు పేరు చెప్పకండి. లేదంటే గొడవ రెండు కుటుంబాల మధ్యకు పోతుంది. "ఇంకెప్పుడూ జరగదు" అనీ అనకండి, అది మీ చేతిలో లేదు. "ఏం జరిగినా మీకు ముందు నేనే చెబుతాను" అనండి, అది మీరు నిలబెట్టుకోగలరు. సమయం, జరిగినది, చేసినది ఒక నోటుపుస్తకంలో రాసి ప్రిన్సిపాల్ సంతకం తీసుకోండి. గేటు దగ్గర ఎవరైనా గొంతు పెంచితే వాదించకుండా లోపలికి పిలిచి కూర్చోబెట్టండి.

ఆయా విషయం దీనికంటే సున్నితం. ఆమె జీతం మీకంటే తక్కువ, మలమూత్రాల పనంతా ఆమెదే, పిల్లలు నిద్రపోయేదీ ఆమె ఒడిలోనే. నిన్నగాక మొన్న వచ్చిన అమ్మాయి పని చెబితే మనసుకు కష్టంగా ఉంటుంది. పిల్లలు పడుకున్న వేళ పక్కన కూర్చుని, "అక్కా, నా వల్ల తప్పు కనిపిస్తే ముందు నాకే చెప్పండి" అని అడగండి. ఒకరు పిల్లను బాత్రూముకు తీసుకెళ్తే బొమ్మల దగ్గర ఎవరుండాలో ఇద్దరూ కలిసి తేల్చుకోండి. ఇలాంటి దెబ్బలు ఎక్కువగా తగిలేది ఆ రెండు నిమిషాల్లోనే. మీ ఫోను ఆఫీసు గదిలో పెట్టి క్లాసుకు వెళ్లండి, ఆ మాటకు ఇక తావుండదు.

ఒక్క విషయంలో మాత్రం సర్దుబాటు వద్దు. తోటివారెవరైనా పిల్లలను కొట్టినా, గదిలో పెట్టి తాళం వేసినా అది సిబ్బంది తగాదా కాదు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ కింద అది నేరం. ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా చెప్పండి, కదలిక లేకపోతే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయండి.

ఈ రంగంలో దారి లేదనే మీవాళ్ల బెంగకు నా జవాబు ఇది. 2017 సవరణతో ప్రసూతి ప్రయోజన చట్టం యాభై మంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో శిశు సంరక్షణ కేంద్రాన్ని తప్పనిసరి చేసింది. 2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ల వయసు నుంచే చదువును లెక్కలోకి తీసుకుంది. శిక్షణ ఉన్నవారి అవసరం పెరుగుతుందే గానీ తగ్గదు. ఇంటర్ పాసైనవారు దూరవిద్య అందించే ఇగ్నో విశ్వవిద్యాలయంలో శిశు సంరక్షణ, విద్య డిప్లొమా చేయవచ్చు. ఉద్యోగం చేస్తూనే దానికి దరఖాస్తు పెట్టండి. అది పూర్తయ్యాక కూడా పొద్దున ఆ గదిలోకి వెళ్లబుద్ధి కాకపోతే, అప్పుడు బ్యాంకు పుస్తకాలు తెరవండి.